పొద్దున కొండ, సాయంత్రం నేలమాళిగ: అత్తయ్యతో ఒక రోజు

మా అత్తయ్యకి బస్సు పడదు. శ్రీశైలం ఘాట్ రోడ్డులో నిమ్మకాయ వాసన చూసుకుంటూ, కళ్లు మూసుకుని కూర్చునే మనిషి. అందుకే బార్సిలోనాలో హోటల్ వాళ్లు రంగుల కాగితం ఒకటి చేతిలో పెట్టి "పొద్దున మోంట్సెరాట్ మఠం, మధ్యాహ్నం కావా సెల్లార్, ఏసీ బస్సు, గైడ్, అన్నీ కలిపి" అన్నప్పుడు నేనే వద్దన్నాను. కావా సెల్లార్ అంటే బుడగల వైన్ చేసే నేలమాళిగ. కాగితం మాత్రం దాచుకున్నాను. రాత్రి మ్యాపు ముందేసుకుని చూస్తే ఆ రెండు చోట్లకీ రైళ్లున్నాయి. పైగా మధ్యలో ఒక స్టేషన్లో రెండు లైన్లూ కలుస్తున్నాయి.

"రెండూ ఒకే రోజు పెట్టుకోకు, అమ్మ మోకాళ్లు నీకు తెలుసు కదా" అన్నారు మా ఆయన. ఆయనకి అక్కడ నాలుగు రోజులు ఆఫీసు పని. మేం ఉండేది ఫ్రాంక్‌ఫర్ట్‌లో. అత్తయ్య రాజమండ్రి నుంచి వచ్చి నెల దాటింది. అక్టోబరు మొదటి వారం, ఎండ తగ్గింది, తిరిగి వెళ్లే ఫ్లైటుకి ఇంక రెండు రోజులే ఉంది. మిగిలిన రోజు సముద్రం చూపిస్తానని ఆవిడకి మాటిచ్చాను. కాబట్టి రెండూ ఒకే రోజు పెట్టక తప్పలేదు.

కొండ గురించి చెప్పగానే ఆవిడ సరేనన్నారు. సెల్లార్ గురించి "పాత బిల్డింగు, ద్రాక్షతోటలు, బాగుంటుందట" అని మాత్రం చెప్పాను. అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

కొండకి రైలు ప్లాసా ఎస్పాన్యా స్టేషన్ నుంచి బయల్దేరుతుంది. లైను పేరు ఆర్5. టికెట్ మెషీన్ దగ్గరే ఒక విషయం తేల్చుకోవాలి: పైకి రోప్‌వేలో వెళ్తారా, పళ్ల చక్రం మీద కొండెక్కే రైలులో వెళ్తారా? రెండింటికీ దిగే స్టేషన్లు వేరు, టికెట్లు వేరు. ఒకటి కొని ఇంకోటి ఎక్కడం కుదరదు. రోప్‌వే 1930 నాటిది. పసుపు రంగు పెట్టె ఐదు నిమిషాల్లో పైకి లాగేస్తుంది. వైజాగ్ కైలాసగిరి రోప్‌వేలోనే అత్తయ్య నా చెయ్యి గోళ్లు దిగేలా పట్టుకున్నారు. అందుకని పళ్ల రైలే కొన్నాను. దాన్ని అక్కడ క్రెమయేరా అంటారు. పట్టాల మధ్యలో పళ్లున్న ఇనుప కడ్డీ ఉంటుంది, రైలు కింద ఉన్న చక్రం ఆ పళ్లు పట్టుకుని ఎక్కుతుంది. మన ఊటీ రైలుదీ ఇదే ఏర్పాటు.

ఎనిమిదిన్నర దాటాక రైలు కదిలింది. ఊరి బయట ఫ్యాక్టరీలు, తరవాత లోబ్రెగాట్ నది. ఓ ముక్కాలు గంట గడిచాక ఉన్నట్టుండి కిటికీలో కొండ కనిపించింది. కొండ అని చెప్తే సరిపోదు. బూడిద రంగు వేళ్లు వందలకొద్దీ పక్కపక్కనే నిలబెట్టినట్టు ఉంటుంది. మోంట్సెరాట్ అంటేనే రంపపు పళ్ల కొండ అని అర్థం. "ఎవరో చెక్కినట్టుందే" అన్నారు అత్తయ్య. నిజానికి అది గులకరాళ్లూ మట్టీ కలిసి గట్టిపడిన రాయి. కోట్ల ఏళ్ల కిందట నదులు సముద్రంలోకి తెచ్చి పోసిన రాళ్లన్నీ ముద్దకట్టి, పైకి లేచి, వానకీ గాలికీ అరిగి అలా మిగిలింది. దగ్గరికెళ్లి చూస్తే గోడలో గుండ్రాళ్లు కనిపిస్తాయి.

అయేరి అనే స్టేషన్లో పెట్టెలో సగం మంది దిగిపోయారు. అత్తయ్య కూడా సంచీ సర్దుకుని లేచారు. "మనది కాదు అత్తయ్యా, అది తాడు వాళ్లది" అని కూర్చోబెట్టాను. ఇద్దరు కొరియా అమ్మాయిలు మాత్రం పళ్ల రైలు టికెట్ చేత్తో పట్టుకుని దిగిపోయారు, తలుపులు మూసుకున్నాక ప్లాట్‌ఫామ్ మీద నిలబడి మా వైపు చూశారు. మీరు వెళ్తే గుర్తుంచుకోండి: తాడుకి అయేరి, పళ్ల రైలుకి ఆ తరవాతి స్టేషన్ మొనిస్ట్రోల్.

పైకి పావుగంట. మఠం సుమారు 720 మీటర్ల ఎత్తులో, రాతి వేళ్ల సందులో ఇరికించినట్టు ఉంటుంది. బెనెడిక్టైన్ సన్యాసులది. 1025లో మొదలైందని లెక్క, అంటే వెయ్యేళ్లు. కానీ నెపోలియన్ సైన్యం 1811-12లో చాలా మటుకు నేలమట్టం చేసింది, ఇప్పుడు కనిపించే కట్టడంలో ఎక్కువ భాగం ఆ తరవాత కట్టుకున్నదే. ఇది విని అత్తయ్య "అయితే కొత్తదే" అని ఓ మాట అనేసి నడిచారు.

ఇక్కడి దేవత మోరెనేతా. నల్లని చిన్నమ్మ అనుకోవచ్చు. మేరీమాత విగ్రహం, పన్నెండో శతాబ్దపు చెక్క శిల్పం, ఒళ్లో పిల్లవాడు. ముఖం, చేతులు నల్లగా ఉంటాయి. కొవ్వొత్తుల పొగకి నల్లబడిందని కొందరు, పైన పూసిన వార్నిష్ కాలం గడిచేకొద్దీ రంగు మారిందని కొందరు చెప్తారు. 1881 నుంచి ఈ కాటలోనియా ప్రాంతానికి అధికారికంగా ఈవిడే రక్షకురాలు. దర్శనానికి ముందే ఆన్‌లైన్‌లో టైమ్ బుక్ చేసుకున్నాం. చర్చి ముఖద్వారానికి కుడివైపు ఇంకో తలుపు ఉంటుంది, క్యూ అక్కడి నుంచి. నెమ్మదిగా కదులుతుంది, మెట్లెక్కాలి. అత్తయ్య నా భుజం మీద చెయ్యేసి ఒక్కో మెట్టూ ఎక్కుతూ "అలిపిరి నుంచి 3550 మెట్లెక్కినదాన్ని, ఇవెంత" అన్నారు. ఎక్కింది ముప్ఫై ఏళ్ల కిందట. ఆ సంగతి నేను గుర్తు చెయ్యలేదు.

విగ్రహం చుట్టూ అద్దం ఉంటుంది. కుడిచేతిలో ఉన్న గోళం మాత్రం అద్దంలోంచి బయటికి వస్తుంది. దాన్ని తాకి మొక్కుకోవాలి. మా ముందున్న ముసలాయన దాన్ని ముద్దు పెట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. వెనక ఎవరూ "జరగండి జరగండి" అనలేదు. అత్తయ్యకి అదే వింత. ఆవిడ వంతు వచ్చినప్పుడు కుడిచేతి వేళ్లతో గోళాన్ని తాకి కళ్లకి అద్దుకున్నారు. తరవాత అలవాటు కొద్దీ గబగబా పక్కకి జరిగిపోయారు. "ఉండొచ్చు అత్తయ్యా, తొయ్యరు" అంటే వెనక్కి వచ్చి ఇంకోసారి చూశారు.

బయటికి వచ్చే దారిలో కొండ గోడ పక్కన రంగురంగుల గాజు గిన్నెల్లో కొవ్వొత్తులు వందల్లో వెలుగుతూ ఉంటాయి. మనమూ డబ్బులేసి ఒకటి వెలిగించొచ్చు. అత్తయ్య మూడు వెలిగించారు. మామయ్యగారికి ఒకటని తెలుసు, మిగతా రెండూ ఎవరికో నేను అడగలేదు.

విగ్రహం కథ అక్కడ బెంచీ మీద కూర్చుని చెప్పాను. 880లో గొర్రెలు కాసే పిల్లలకి కొండ మీద వెలుగు కనిపించిందట, పాట వినిపించిందట. వెళ్లి చూస్తే గుహలో విగ్రహం. పక్క ఊరు మన్రేసాకి తీసుకెళ్దామని ఎత్తితే కదల్లేదు. ఇక్కడే ఉంటానంటోందని ఇక్కడే గుడి కట్టారు. నేను సగం చెప్పేసరికే అత్తయ్య "కదల్లేదు, అంతేనా?" అన్నారు. "మీకెలా తెలుసు?" "మా అమ్మమ్మగారి ఊళ్లో అమ్మవారూ అంతే. బండి ఇరుసు విరిగింది కానీ ఆవిడ కదల్లేదు."

ఒంటిగంటకి ఎస్కొలానియా పాట. మఠం బడిలో చదువుకునే పిల్లల బృందం అది. పద్నాలుగో శతాబ్దం నుంచీ ఇక్కడ ఇలా పాడే పిల్లలున్నారట, యూరప్‌లో చాలా పాత బృందాల్లో ఒకటి. పాట రోజూ ఉండదు, వేసవి సెలవుల్లో అసలే ఉండదు, కాబట్టి వెళ్లే ముందు చూసుకోండి. చర్చి లోపల చీకటి, పైనుంచి దీపాలు వేలాడుతూ ఉంటాయి. పిల్లలు వరసగా వచ్చి నిలబడి రెండు పాటలు పాడతారు, రెండోది ఈ అమ్మవారి సొంత పాట విరొలై. పది పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. నాకు భాష రాదు, సంగీతమూ పెద్దగా తెలియదు. చివరి వరసలో ఒక పిల్లవాడు మధ్యలో ఆవలింత ఆపుకున్నాడు, అది అత్తయ్య కూడా చూశారు. ఆ తరవాత ఆవిడ వాడినే చూస్తూ కూర్చున్నారు.

భోజనానికి పులిహోర డబ్బా తెచ్చుకున్నాం. బయట వరసగా ముసలమ్మలు, ముసలాయనలు తేనె, జున్ను అమ్ముతుంటారు. మతో అనే తాజా జున్ను. ఉప్పు ఉండదు, మన విరిగిన పాలలాగే ఉంటుంది, తేనె పోసి తింటారు. పులిహోర తరవాత అది తింటే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. నేను ఇంకో ముక్క కొన్నాను.

ఇక్కడే నేను తప్పు చేశాను. పైన ఇంకో చిన్న రైలుంది, సంత్ జోన్ కొండకి ఎత్తుకెళ్తుంది. అక్కడి నుంచి నడక దారులు, 1236 మీటర్ల శిఖరం దాకా. మనకి టైమ్ ఉందిలే అని ఆ స్టేషన్ దాకా వెళ్లి క్యూ చూసి వెనక్కి వచ్చాం. ఆ అటూ ఇటూలో కిందికెళ్లే రైలు కళ్ల ముందే వెళ్లిపోయింది. సెల్లార్‌లో ఇంగ్లీషు టూరు నాలుగున్నరకి బుక్ చేశాను. టెన్షన్ మొదలైంది. మీరు వెళ్తే శిఖరమో, సెల్లారో ఒకటే పెట్టుకోండి. మూడూ ఒక రోజులో పట్టవు.

మొనిస్ట్రోల్‌లో దిగి, అదే ఆర్5 మీద బార్సిలోనా వైపు వెనక్కి వెళ్లి, మార్టొరెల్ సెంట్రల్‌లో దిగాలి. రాత్రి మ్యాపులో చూసిన కలిసే స్టేషన్ అదే. అక్కడ ఆర్4 రైలు ఎక్కాలి, అది వేరే సంస్థది, టికెట్ మళ్లీ కొనాలి. విలాఫ్రాంకా వైపు వెళ్లే ప్లాట్‌ఫామ్. మెషీన్ నా కార్డు రెండుసార్లు మింగి ఉమ్మేసింది. మూడోసారి చిల్లర వేశాను.

రైల్లో కూర్చున్నాక అత్తయ్య అడిగారు. "అమ్మాయ్, కావా అంటే ఏంటి?"

"ద్రాక్షరసం అత్తయ్యా."

"పులిసిందా, పులియనిదా?"

రాజమండ్రి ఆడవాళ్ల దగ్గర దాక్కోవడం కష్టం. "పులిసింది" అన్నాను. ఆవిడ కాసేపు కిటికీలోంచి చూశారు. బయట ద్రాక్షతోటలు మొదలయ్యాయి. ట్రాక్టరు ఒకటి వెనక తొట్టినిండా పళ్లతో పోతోంది. "కొండ ముందు పెట్టావు, అది నయం" అన్నారు. తరవాత "నేను తాగను, చూస్తా" అన్నారు. ఒప్పందం కుదిరింది.

సంత్ సదుర్ని ద'నోయా చిన్న ఊరు. స్టేషన్ దిగగానే పక్కనే పెద్ద సెల్లార్, ఫ్రెషెనెట్ వాళ్లది. నల్ల సీసా మీరు ఎయిర్‌పోర్టుల్లో చూసే ఉంటారు. "వచ్చేశాం కదా" అన్నారు అత్తయ్య. మన బుకింగ్ ఇక్కడ కాదు, ఊరి బయట కొదోర్నియూ అనే ఇంకో సెల్లార్‌లో అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కట్టడం బాగుంటుందని దాన్ని ఎంచుకున్నాను. రెండు కిలోమీటర్ల పైన ఉంటుంది. స్టేషన్ బయట ట్యాక్సీ ఒక్కటీ లేదు. చివరికి దగ్గర్లోని కాఫీ హోటల్లో ఒకావిడ అత్తయ్య మోకాలు చూసి, తనే ఫోన్ చేసి ట్యాక్సీ పిలిపించింది. వచ్చేసరికి ఇరవై నిమిషాలు. నాలుగూ ఇరవై ఐదుకి గేటు దగ్గర దిగాం. మోకాళ్లు నొప్పి ఉన్నవాళ్లతో వెళ్తే స్టేషన్ పక్కదే చూసుకోండి, ఇది నా అనుభవంతో చెప్తున్న మాట.

కట్టడం మాత్రం ఆ పరుగుకి తగినదే. పుచ్ ఇ కదఫాల్క్ అనే ఆర్కిటెక్ట్ 1895 నుంచి 1915 దాకా కట్టించాడు. ఇటుకల తోరణాలు లోపలికి వెళ్లేకొద్దీ ఒకదాని వెనక ఒకటి. 1976లో ప్రభుత్వం చారిత్రక కట్టడంగా ప్రకటించింది. గైడ్ అమ్మాయి కుటుంబ కథ చెప్పింది. 1659లో అన్నా కొదోర్నియూ అనే ఆవిడ రవెంతోస్ ఇంటి అబ్బాయిని పెళ్లి చేసుకుంది. ఇంటిపేరు మారిపోయింది కానీ సీసా మీద ఇప్పటికీ ఆవిడ పుట్టింటి పేరే. "అదీ" అన్నారు అత్తయ్య, నావైపు చూసి.

ఆ ఇంటివాడే జోసెప్ రవెంతోస్ 1872లో ఫ్రాన్సులో షాంపేన్ చేసే పద్ధతిలో ఇక్కడి ద్రాక్షతో బుడగల వైన్ చేశాడు. పదిహేనేళ్లకి, 1887లో, ఫిలాక్సెరా అనే పురుగు ఈ పెనెదెస్ ప్రాంతానికి వచ్చి వేళ్లు తినేసింది. తోటలు పోయాయి. మళ్లీ నాటినప్పుడు ఎక్కువగా తెల్ల ద్రాక్షలు వేశారు, పైన ఇక్కడి తీగ, కింద పురుగు తట్టుకునే అమెరికా వేరు. ఇది నేను తెలుగులో చెప్తుంటే అత్తయ్య ఆపారు. "అంటు కట్టారు, అంతే కదా. మన కడియంలో చూడు, మామిడికి ఏం చేస్తారు?" మన కొబ్బరికి తెల్లదోమ వచ్చినప్పుడు ఎందుకు ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారని కూడా అడిగారు. గైడ్‌ని అడగమన్నారు. నేను అడగలేదు.

తరవాత కిందికి. ఇక్కడ చిన్న బ్యాటరీ బండి లాంటి రైలు ఎక్కించి సొరంగాల్లో తిప్పుతారు. అంతస్తుల కింద అంతస్తులు, అన్నీ కలిపి దాదాపు 30 కిలోమీటర్ల పొడవట. చలి, తడి వాసన, గోడల పక్కన సీసాలు పడుకోబెట్టి ఉంటాయి. శాలువా తీసుకెళ్లండి. నేను నాది కూడా అత్తయ్యకే కప్పాను.

పద్ధతి ఇది. మకబేవో, షరెల్లో, పరెల్లాదా అని మూడు ద్రాక్షలు ముఖ్యం. ముందు మామూలు తెల్ల వైన్ చేస్తారు. దాన్ని సీసాలో పోసి కొంచెం పంచదార, ఈస్టు కలిపి, కూల్‌డ్రింక్ సీసాకి వేసినట్టు మూత బిగిస్తారు. సీసాలోనే రెండోసారి పులుస్తుంది. పుట్టిన గ్యాస్ బయటికి పోలేక వైన్‌లోనే కలిసిపోతుంది. లోపల ఒత్తిడి దాదాపు కారు టైరుకి మూడింతలు, అందుకే సీసా అంత మందం. చచ్చిన ఈస్టు అడుగున మడ్డిలా చేరుతుంది. ఆ మడ్డితోనే తక్కువలో తక్కువ తొమ్మిది నెలలు ఉంచాలి. రిజర్వా అనాలంటే 18, గ్రాన్ రిజర్వాకి 30 నెలలు. తరవాత సీసాని కొద్దికొద్దిగా తిప్పుతూ తలకిందులు చేస్తే మడ్డి మూతి దగ్గరికి చేరుతుంది. పూర్వం చెక్క బల్లలకి గుచ్చి చేత్తో తిప్పేవాళ్లు, ఇప్పుడు ఐదొందల సీసాలు పట్టే ఇనుప బోనుని మెషీన్ తిప్పుతుంది. మూతిని గడ్డకట్టించి మూత తీస్తే లోపలి ఒత్తిడికి మడ్డి గడ్డ టప్పుమని ఎగిరిపోతుంది. అప్పుడు బిరడా.

ఇంత నేను చెప్పడానికి ఆయాసపడ్డాను. అత్తయ్య ఒక్క మాటలో తేల్చారు. "గోలీ సోడా."

"అంతకంటే కొంచెం ఎక్కువ అత్తయ్యా."

"ఏం ఎక్కువ? దాంట్లో గ్యాస్ పట్టిస్తారు, దీంట్లో దానంతటదే పడుతుంది. దాంట్లో గోలీ, దీంట్లో బిరడా."

చివర్లో రుచి చూపించే గదిలో ఒక్కొక్కరికి రెండు గ్లాసులు. ఒకటి బ్రూట్ నేచర్, అంటే విడిగా పంచదార కలపనిది. పుల్లగా, పొడిగా ఉంది, నాకు నచ్చలేదు. రెండోది మూడేళ్లు మడ్డి మీద ఉంచినదట. అది బాగుంది. అత్తయ్యకి గైడ్ అమ్మాయి మంచినీళ్లు తెచ్చింది. ఆవిడ నీళ్లు పక్కన పెట్టి నా రెండో గ్లాసు తీసుకున్నారు. నేను ఊపిరి బిగపట్టాను. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, తిరిగి ఇచ్చేశారు.

"రాత్రి రుబ్బి పెట్టిన ఇడ్లీ పిండి, తెల్లారి మూత తీసినప్పటి వాసన."

ఇది ఇంగ్లీషులో గైడ్‌కి చెప్పాను. ఆ అమ్మాయి నవ్వలేదు. సరిగ్గా అదే వెతకాలని, ఈస్టు వదిలే ఆ వాసనని బ్రెడ్డు వాసన అంటామని, చాలామందికి మొదటిసారే దొరకదని చెప్పింది. అత్తయ్య బిరడా మీది రేకు బిళ్ల అడిగి తీసుకున్నారు. వాటిని పోగేసుకునే పిచ్చివాళ్లు ఆ ఊళ్లో చాలామంది ఉన్నారట.

సీసా కొనలేదు. మాకు క్యాబిన్ బ్యాగులే ఉన్నాయి, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. బార్సిలోనాకి ఆర్4 నేరుగా ముప్పావు గంట, మళ్లీ మారే పని లేదు. ట్యాక్సీ ఈసారి సెల్లార్ వాళ్లే పిలిచారు.

రైలు కదిలాక అత్తయ్య రాజమండ్రిలో చెల్లెలికి ఫోన్ చేశారు. అక్కడ రాత్రి పొద్దుపోయిందని చెప్పినా వినలేదు. నల్లని అమ్మవారు, కదలని విగ్రహం, ఆవలించిన పిల్లవాడు, జున్ను, మూడు కొవ్వొత్తులు, అన్నీ వరసగా చెప్పారు. తరవాత అవతల నుంచి ఏదో ప్రశ్న వచ్చినట్టుంది. అత్తయ్య ఒకసారి నావైపు చూసి, చేతిలో రేకు బిళ్లని తిప్పుతూ అన్నారు.

"సాయంత్రమా? సోడా ఫ్యాక్టరీ చూశామే. పెద్దది."